చిన్నతాత ఎవరికి ఏమవుతాడు? ఒక డీఎన్ఏ వెతుకులాట డైరీ

వెతికింది మా చిన్నతాతను, అంటే మా తాత తమ్ముణ్ని. 1956లో గుంపు మేస్త్రీ వెంట సాగర్ కట్ట పనికి పోయాడు. అక్కణ్నుంచి బొంబాయి పోయాడని విన్నారు. మళ్లీ ఊరి మొహం చూడలేదు. నేను మహబూబ్‌నగర్‌లో హైస్కూల్ లెక్కల టీచర్‌ని. సొంతూరు నాగర్‌కర్నూల్ వైపు. 2023 జూన్ నుంచి 2025 ఆగస్టు దాకా నోట్‌బుక్‌లో రాసుకున్నవి ఇక్కడ ఎక్కిస్తున్నాను. ఇందులో తప్పులే ఎక్కువ. డబ్బూ కాలమూ వాటికే పోయాయి కాబట్టి వాటినే వివరంగా రాశాను.

మొదటి దశ: కాగితాలు (2023 జూన్ – సెప్టెంబర్)

ఉమిసిన పుల్ల డీఎన్ఏ పరీక్షల కంపెనీకి పంపగానే చుట్టాలు వరస కట్టి దొరకరు. దొరికిన మనిషి మనవాడేనా అని తేల్చడానికి చేతిలో కాగితం ఉండాలి. అందుకే ముందు ఖాస్రా పహాణీ తీశాను. 1954-55 నాటి భూమి రికార్డు అది. తెలంగాణలో భూమి తగాదా వస్తే ఎవరైనా మొదట వెతికేది దాన్నే. పాత పాలమూరు జిల్లా 2016లో ముక్కలైంది కదా, మా ఊరి రికార్డు ఏ ఆఫీసులో ఉందో తెలుసుకోవడానికే మూడుసార్లు తిరిగాను.

పహాణీలో ముత్తాత పేరు పట్టాదారుగా ఉంది. ఆయన పోయాక విరాసత్, అంటే భూమిని వారసుల పేరుకు మార్చడం, మా తాత ఒక్కడి పేరు మీదే అయింది. చిన్నతాత పేరు ఏ కాగితంలోనూ లేదు.

పనికొచ్చిన కాగితం అవ్వ ట్రంకుపెట్టెలో దొరికింది. అవ్వ అంటే తాత చెల్లెలు, అప్పటికి 84 ఏళ్లు. మనియార్డర్ కూపన్ ముక్క, 15 రూపాయలు, 1963. పంపిన చోటు బొంబాయి-8. పిన్‌కోడ్లు వచ్చింది 1972లో, అంతకుముందు బొంబాయిలో ఇలా జోన్ నంబర్లే ఉండేవి. 8 అంటే కామాఠీపుర ఉన్న జోన్. ఇళ్లు కట్టడానికి, రాళ్లు మోయడానికి మన వైపు నుంచి పోయిన కామాఠీల పేరు మీదే ఆ పేట వెలిసింది. ఆ కూపన్ తర్వాత మళ్లీ డబ్బు రాలేదంది అవ్వ.

ఈ దశలో చేసిన తప్పు: ముసలివాళ్లను అడిగినప్పుడు “అన్న”, “తమ్ముడు” అన్న మాటలను అలాగే రాసుకున్నాను. మనకు పెదనాన్న కొడుకూ అన్నే, పెద్దమ్మ కొడుకూ అన్నే. మూడు పేజీలు కొట్టేసి మళ్లీ అడగాల్సి వచ్చింది. రెండోసారి “ఎవరి కడుపున పుట్టాడు?” అని అడిగితే గాని లెక్క కుదరలేదు.

ఇంకోటి. మా పెదనాన్న కొడుకు నమూనా ఇవ్వనన్నాడు. “ఇప్పుడు వాళ్లను దొరకబట్టి ఏం జేస్తవ్? రేపు పొలంల వాటా అడుగుతరు” అన్నాడు. నేను వాదించలేదు. భయం కొత్తదేమీ కాదు. విరాసత్‌లో ఒకే పేరు ఎందుకుందో అందరికీ తెలుసు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,150. కిట్లు 0. నెలలు 4.*

రెండో దశ: ఎవరి నమూనా తీయాలి (2023 అక్టోబర్)

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లది. పిల్లలకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. కాబట్టి తరం దిగిన కొద్దీ పూర్వీకుడి వాటా సగమవుతూ పోతుంది. చిన్నతాతకు నేను మనవడి వరస, అవ్వ సొంత చెల్లెలు. అవ్వ నమూనా ఒక్కటి నాలాంటివాళ్లవి నాలుగింటికి సమానం.

ఇద్దరు మనుషుల మధ్య కలిసిన డీఎన్ఏ పొడవును సెంటీమోర్గన్లలో చెబుతారు. కంపెనీలు తల్లికీ బిడ్డకూ సుమారు 3,500 చూపిస్తాయి. షేర్డ్ సెంటీమోర్గన్ ప్రాజెక్టు 2020 పట్టిక నుంచి నేను గోడకు అంటించుకున్న సగటులివి:

1. మేనత్త – మేనల్లుడు: 1,741
2. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు: 866
3. తాత చెల్లెలు – మనవడు: 850
4. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మనవలు ఒకరికొకరు: 229
5. మునిమనవలు ఒకరికొకరు: 73

సగటు కంటే దాని చుట్టూ ఉన్న హద్దులు ముఖ్యం. మూడో వరసలో 330 నుంచి 1,467 దాకా ఏదైనా రావచ్చు. ఇంకో సంగతి గమనించండి. ఈ పట్టికకు లెక్కలు పంపినవాళ్లలో ఎక్కువమంది మేనరికం అంటే ఏమిటో తెలియని దేశాలవాళ్లు. ఈ వాక్యం కింద గీత గీయడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

రెండు కిట్లు తెప్పించాను, అవ్వకొకటి, నాకొకటి. ఒక్కోటి కొరియర్‌తో కలిపి రూ. 8,200.

అవ్వకు విషయం చెప్పి, తెలుగులో ఒక పేజీ కాగితం రాసి చదివి వినిపించి వేలిముద్ర వేయించాను. కంపెనీ అడిగిందని కాదు, నాకే అది సరి అనిపించింది. “పోలీసోళ్లకు పోతదా ఇది?” అని అడిగింది. నవ్వుకునే ప్రశ్న కాదది. 2018లో కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి దొరకని హంతకుణ్ని పట్టుకున్నది వంశవృక్షాల వాళ్లు వాడే జెడ్‌మ్యాచ్ అనే సైటు ద్వారానే. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ పరీక్షల కంపెనీ ఖాతాదారులు దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి. (తర్వాత 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ కూడా వేసింది.) ఆ రోజు అవ్వకు ఇలాంటివేవీ చెప్పలేదు గాని “పోవచ్చు అవ్వా” అన్నాను. “పోతే పోనీ, నేనేం దొంగతనం జేసిన్నా” అంది.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 17,550. కిట్లు 2. నెలలు 5.*

మూడో దశ: పుల్ల ఫెయిలైంది (2023 నవంబర్ – 2024 ఫిబ్రవరి)

దవడ లోపల దూది పుల్లతో రుద్ది, దాన్ని చిన్న సీసాలో వేసి మూత బిగించి పంపాలి. నాది మొదటిసారే పాసైంది. ఆరు వారాలకు అవ్వది “డీఎన్ఏ సరిపోలేదు” అని తిరిగొచ్చింది.

కారణం వెతికితే మొత్తం నా నిర్వాకమే. అవ్వకు పళ్లు లేవు, దవడలు లోపలికి పోయాయి, పుల్ల ఎక్కడ రుద్దుకుంటోందో నాకు కనపడలేదు. నొప్పి పెడుతుందేమోనని పావు నిమిషంలో తీసేశాను. పైగా పది నిమిషాల ముందే ఆమె ఆకువక్క నమిలింది. పుల్ల ఎర్రగా వచ్చింది. చూసి కూడా సీసాలో వేశాను.

కంపెనీ ఇంకో కిట్టు ఉచితంగానే ఇచ్చింది గాని రాకపోకల కొరియర్‌కు రూ. 2,350 అయింది. రెండోసారి ఇలా చేశాం:

1. ముందు రోజు రాత్రి అన్నం తిన్నాక ఆకువక్క, పొగాకు బంద్. డబ్బా నా దగ్గర పెట్టుకున్నాను. (తిట్లు పడ్డాయి.)
2. పొద్దున లేవగానే నీళ్లతో నాలుగుసార్లు పుక్కిలించి, గంట సేపు ఏమీ తినకుండా, తాగకుండా ఉండటం.
3. వెలుతురులో, వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టడం. గుడిసెలో బల్బు కింద కాదు.
4. నేను బయటి నుంచి చెంపను వేలితో నొక్కిపట్టుకుంటే, మా అక్క లోపల పుల్లను గుండ్రంగా తిప్పింది. ఒక్కో దవడకు ఒక నిమిషం, ఫోన్‌లో టైమర్ పెట్టి.
5. ఒక పుల్ల అయ్యాక సీసా మీద నంబర్, కాగితం మీద నంబర్ ఒకటేనా అని ఇద్దరం చూసి మూత బిగించడం.

ఈసారి పాసైంది. ముసలివాళ్ల నమూనా తీసేటప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కరితో అయ్యే పని కాదు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 19,900. పాసైన నమూనాలు 2, ఫెయిలైంది 1. నెలలు 9.*

నాలుగో దశ: నా సొంత లెక్కే తప్పింది (2024 మార్చి – ఏప్రిల్)

అవ్వకూ నాకూ మధ్య 850 చుట్టుపక్కల రావాలని కూర్చున్నాను. వచ్చింది 1,496. కంపెనీ పేజీ మీద “మేనత్త, లేదా నాయనమ్మ, లేదా సవతి తోబుట్టువు” అని చూపించింది. నమూనాలు మారిపోయాయేమోనని రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మూడో రోజు క్లాసులో సంభావ్యత చెబుతుంటే వెలిగింది. మా అమ్మ మా నాయనకు మేనత్త కూతురు. అంటే మా అమ్మమ్మ మా తాతకు సొంత చెల్లెలు, అవ్వకు అక్క. అవ్వ అటు చూస్తే మా నాయనకు మేనత్త, ఇటు చూస్తే మా అమ్మకు చిన్నమ్మ. ఆమె రక్తం నాలోకి రెండు దారుల్లో వచ్చింది. ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా చెప్పే ఈ మాట కంపెనీ లెక్కలో లేదు.

బోర్డు మీద ఇలా వేసుకున్నాను. ఒక్క దారిలో అవ్వతో నా జన్యుపటంలో పావు వంతు కలవాలి. రెండు దారులుంటే పావు, పావు కలిపి సగం. కానీ ఒకే చోట రెండు వైపులా కలిస్తే కంపెనీ దాన్ని ఒకసారే లెక్కేస్తుంది. అలాంటి చోట్లు పదహారో వంతు. 50 శాతంలో 6.25 తీసేస్తే 43.75 శాతం. 3,500లో అది సుమారు 1,530. వచ్చింది 1,496. నమూనాలు మారలేదు.

రెండో పరీక్ష కూడా చేశాను. జెడ్‌మ్యాచ్‌లో అమ్మానాన్నలు బంధువులా అని చూసే పనిముట్టు ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ ఒకేలా ఉన్న పొడవాటి ముక్కలను అది కూడుతుంది. మేనత్త మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే వాళ్ల బిడ్డలో పదహారో వంతు, అంటే 220 చుట్టూ రావాలి. నాది 233. అదే అవ్వకు చూస్తే 30 కూడా రాలేదు. అంటే ముత్తాత, ముత్తవ్వ దగ్గరి చుట్టాలు కారు. ఈ చిన్న అంకె తర్వాత చాలా పనికొచ్చింది. అవ్వ తల్లి వైపు, తండ్రి వైపు విడదీసి చూడొచ్చన్నమాట.

ఇక మ్యాచ్‌ల జాబితా, అంటే పరీక్ష చేయించుకున్న మిగతావాళ్లలో మనతో డీఎన్ఏ కలిసినవాళ్ల జాబితా సంగతి. అవ్వకు 318 మంది వచ్చారు, 311 మంది 20 సెంటీమోర్గన్ల లోపే. మొదట్లో నెల రోజులు వీళ్లకు ఉత్తరాలు రాశాను. శుద్ధ దండగ. వందల ఏళ్లుగా కులం లోపలే పెళ్లిళ్లు జరిగిన చోట అందరికీ అందరితో చిన్న చిన్న ముక్కలు కలుస్తాయి. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్లు కలిసి 2017లో వేసిన పరిశోధనలో దక్షిణాసియాలో 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ దిగిన ఛాయలు ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదుల కంటే గట్టిగా కనిపించాయి. అలాంటి చోట 12 సెంటీమోర్గన్ల ముక్క ఏ ముప్పై తరాల కిందటిదైనా కావచ్చు.

అందుకని పెట్టుకున్న నియమం: మొత్తం ఎంత అన్నది రెండో చూపు. మొదట చూడాల్సింది అన్నిటికంటే పొడవైన ముక్క. అది 30 దాటకపోతే ఉత్తరం రాయను.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 19,900. ఉత్తరాలు 46, జవాబులు 5, పనికొచ్చినవి 0. నెలలు 11.*

ఐదో దశ: 412 (2024 ఆగస్టు – సెప్టెంబర్)

నాలుగు నెలలు ఏమీ జరగలేదు. ఆగస్టులో అవ్వ జాబితా పైకి కొత్త పేరొచ్చింది. 412 సెంటీమోర్గన్లు, 14 ముక్కలు, పొడవైనది 71. నాతో అదే మనిషికి 236.

పుణె అబ్బాయి, 23 ఏళ్లు. ఇంగ్లండ్‌లో చదువుకుంటూ సరదాకి చేయించుకున్నాడట. ఇంటిపేరు పూర్తిగా మరాఠీది. నేను ఉత్తరం రాస్తే రెండు రోజులకే జవాబిచ్చాడు. తన గ్రాండ్‌ఫాదర్ వాళ్ల ఫాదర్ “నిజాం వైపు నుంచి” బొంబాయి వచ్చాడని, కామాఠీపురలో ఉండేవాడని, 1982 మిల్లుల సమ్మె తర్వాత కుటుంబం పుణె వెళ్లిపోయిందని.

బొంబాయి-8. కూపన్ తీసి మళ్లీ చూసుకున్నాను.

ఇక్కడ మొదటి పొరపాటు: నా 236ను పట్టికలో పెట్టి, 229కి దగ్గరుంది కాబట్టి ఈ అబ్బాయి చిన్నతాత మనవడు అని రాసేసుకున్నాను. నాకు రెండు దారులున్నాయని ఆరు నెలల కిందట బోర్డు మీద వేసి చూపించినవాణ్నే, మళ్లీ మర్చిపోయాను. చిన్నతాత మనవడే అయితే నాతో 450 దాకా, అవ్వతో 850 దాకా రావాలి. రెండూ సగమే వచ్చాయి. అంటే ఇంకో తరం కిందకు దిగాలి. మునిమనవడు. అబ్బాయి చెప్పిందీ అదే. అతని మాట సరిగ్గా చదివి ఉంటే లెక్కే అక్కర్లేకపోయేది.

అయితే 412 ఒక్క చుట్టరికానికే సరిపోయే అంకె కాదు. మూడు దారులు రాసుకున్నాను:

1. అవ్వ సొంత అన్నకు మునిమనవడు (సగటు 420)
2. ముత్తాతకు ఇంకో భార్య ఉంటే, ఆ సవతి అన్నకు మనవడు (431)
3. అవ్వ పెదనాన్న, చిన్నాన్న, మేనమామల్లో ఒకరికి మనవడు (433)

మొదటిది నాకు కావాల్సింది. అందుకే దాన్ని నమ్మకూడదనుకున్నాను.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 19,900. నెలలు 16.*

ఆరో దశ: వై పరీక్ష, రూ. 24,800 నీళ్లపాలు (2024 అక్టోబర్ – 2025 జనవరి)

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దాదాపు మార్పు లేకుండా పోతుంది. నాకు తాత నుంచి వచ్చింది. చిన్నతాతకూ అదే. అబ్బాయికీ అదే రావాలి. 37 గుర్తుల పరీక్ష, ఇద్దరికీ నేనే కట్టాను, ఒక్కోటి రూ. 12,400.

అంతకుముందు ఎక్స్ క్రోమోజోమ్‌లో అవ్వతో ఒక్క ముక్క కూడా కలవకపోవడం చూశాను. మగవాడు కొడుక్కి ఎక్స్ ఇవ్వడు. కాబట్టి దారిలో ఎక్కడో తండ్రి–కొడుకు అతుకు ఉండి ఉండొచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. దాన్ని పట్టుకుని దారి మొత్తం మగదారే అని తేల్చేశాను.

జనవరిలో వచ్చింది: 37లో 19 తేడాలు. నాది హెచ్ శాఖ, అతనిది ఆర్1ఏ. వేల ఏళ్ల కిందట విడిపోయిన శాఖలు.

అవ్వకు చెప్పలేదు. అబ్బాయికి రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నాను. అతను కూడా “సారీ అంకుల్” అని ఊరుకున్నాడు. నోట్‌బుక్ ఫిబ్రవరి పేజీ ఖాళీగా ఉంది. పదో తరగతి పరీక్షలని వంక పెట్టుకున్నాను.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 44,700. నెలలు 20.*

ఏడో దశ: ఏ వైపు? (2025 మార్చి – మే)

వై కలవకపోయినా 412 ఎక్కడికీ పోలేదు. 71 సెంటీమోర్గన్ల ముక్క కులం లోపలి పాత చుట్టరికంతో రాదు. కాబట్టి ప్రశ్న మార్చాను. ఈ అబ్బాయి అవ్వకు తండ్రి వైపా, తల్లి వైపా?

అవ్వ మేనమామ మనవడు ఒకాయన వనపర్తిలో కిరాణా నడుపుతాడు. నమూనా అడిగితే “షుగర్ టెస్టా?” అని నవ్వి ఇచ్చాడు. ఒక కిట్టు, రూ. 8,200. అవ్వ అమ్మానాన్నలు చుట్టాలు కారని ముందే తేలింది కాబట్టి, ఈయనతో కలిసినది అవ్వ తల్లి వైపుదే అవుతుంది.

అబ్బాయికీ ఆయనకూ 96. నాలుగు ముక్కలు, పొడవైనది 38. నియమం దాటింది. చిన్నతాత మునిమనవడే అయితే ఈయనతో 70 చుట్టూ రావాలి, హద్దు 244 దాకా ఉంది. రెండో దారి (ముత్తాత ఇంకో భార్య పిల్లలు) కొట్టేశాను. మూడో దారిలో పెదనాన్న, చిన్నాన్నల పిల్లలు కూడా పోయారు. మిగిలింది సొంత అన్న, లేదంటే మేనమామ పిల్లలు.

మరి వై? ఏప్రిల్‌లో ఒక రాత్రి అబ్బాయి మొదటి ఉత్తరం మళ్లీ తెరిచాను. “గ్రాండ్‌ఫాదర్ వాళ్ల ఫాదర్.” గ్రాండ్‌ఫాదర్ అంటే అమ్మ నాన్నా, నాన్న నాన్నా? అతను చెప్పలేదు. నేను అడగలేదు. మరాఠీలో ఇద్దరూ ఆజోబానే. మనకూ ఇద్దరూ తాతలే. మొదటి దశలో మూడు పేజీలు కొట్టేసింది ఇందుకే కదా!

ఒక్క వాక్యం రాసి పంపాను. “మీ అమ్మ నాన్నగారా, నాన్న నాన్నగారా?” గంటలో జవాబు: “అమ్మ నాన్న.”

వై రావాల్సిన అవసరమే లేదు. అతనికి వచ్చిన వై అతని తండ్రి ఇంటిది. రూ. 24,800తో ఒక ప్రశ్న కొన్నాను.

మీరు ఈ పని చేస్తుంటే మ్యాచ్‌కు మొదటి ఉత్తరంలోనే ఇవి అడగండి:

1. మీకు తెలిసిన పాత మనిషి దాకా ఒక్కో మెట్టు ఆడా, మగా?
2. ఆ దారిలో ఇప్పుడు బతికున్న అందరికంటే పెద్దవాళ్లెవరు?
3. మీ ఇళ్లలో చుట్టాల్లో పెళ్లిళ్లు ఉన్నాయా?

రెండో ప్రశ్నకు అతని జవాబు చదివి కుర్చీలోంచి లేచాను. అమ్మ నాన్న బతికే ఉన్నాడు. 65 ఏళ్లు. పుణెలోనే. నా లెక్క సరైతే ఆయన చిన్నతాత కొడుకు, అవ్వకు సొంత మేనల్లుడు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ. 52,900. నెలలు 24.*

ఎనిమిదో దశ: పుణె (2025 జూన్ – ఆగస్టు)

ఆయన నమూనా ఒక్కటి మిగిలిన సందేహాన్ని తీర్చేస్తుంది. సొంత మేనల్లుడైతే 1,200 పైన రావాలి. మేనమామ కొడుకైతే 866 చుట్టూ ఉంటుంది. హద్దులు కొద్దిగా ఒరుసుకుంటాయి గాని సగటుల మధ్య దూరం బాగానే ఉంది.

ఆయన కూతురు, అంటే అబ్బాయి తల్లి, నెల రోజులు ఒప్పుకోలేదు. ఎవరో తెలియనివాడు ఫోన్ చేసి మీ నాన్న ఉమ్మి కావాలంటే నేనైనా ఒప్పుకోను. కూపన్ ఫోటో పంపాక మెత్తబడింది. కింద ఉన్న సంతకం చూసి వాళ్ల నాన్న చాలాసేపు మాట్లాడలేదట.

పుణె రైల్లో పోయి నేనే తీశాను. (కిట్టు 8,200, ప్రయాణం 2,900.) ఆయనకు పళ్లున్నాయి, ఆకువక్క అలవాటు లేదు, నిమిషం నిమిషం, మొదటిసారే పాస్. తెలుగు రాదనుకుని హిందీలో మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనే “గీడ కూసో” అన్నాడు. ఇంట్లో వాళ్ల నాయన మాట్లాడిన ముక్కలట, ఓ యాభై మాటలు మిగిలాయి. తల్లి సాతారా వైపు మరాఠీ ఆమె. మా ఇంట్లో ఎవరికీ తెలియని పెళ్లి.

ఈ పెళ్లి లెక్కకూ మేలు చేసింది. అబ్బాయిలో మా వైపు నుంచి వచ్చింది ఆ ఒక్క దారిలోనే. మా కులం పాత ముక్కలు వేరే దారిలో వచ్చి కలవలేదు, అందుకే 412 అంత శుభ్రంగా ఉంది. అతని తాతముత్తాతలంతా మన వైపు వాళ్లే అయ్యుంటే అంకె ఉబ్బి నేను ఇంకో ఏడాది తిరిగేవాణ్ని.

చిన్నతాత 1988లో పోయాడు. గోడ మీద ఫోటో ఉంది. నేను అందులో పోలికలేమీ వెతకలేదు, అలా వెతికితే ఎవరిలోనైనా దొరుకుతాయి.

ఆగస్టు మొదటి వారం: అవ్వకూ ఆయనకూ 1,768.

*మొత్తం: ఖర్చు రూ. 64,000. పాసైన నమూనాలు 4, వై పరీక్షలు 2. ఉత్తరాలు 47. నెలలు 27.*

పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. “వాటా సంగతేమన్న తీసిండా?” అన్నాడు. తీయలేదన్నాను. “తీస్తడు” అన్నాడు.

ఆగస్టు 17, ఆదివారం, వీడియో కాల్. అవ్వకు 1,768 అని చెబితే ఏమర్థమవుతుంది! ఆమె మొదట అడిగింది వరస. “కొడుకు దిక్కా, బిడ్డ దిక్కా?” చిన్నతాత కొడుకు, ఆయన కూతురు, ఆమె కొడుకు అని వేళ్ల మీద చెప్పాను. వెంటనే తేల్చింది. ఆ కూతురు నాకు చెల్లెలు వరస, అబ్బాయి నాకు మేనల్లుడు. “అంకుల్ గింకుల్ అనకుమను, మామా అనమను.” మా అమ్మ వైపు నుంచి లెక్కేసినా అదే వరస వచ్చింది, కాగితం మీద చూసుకున్నాను.

తర్వాత పుణె ఆయన ముఖం చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది.

“పైసలు పంపుడు ఎందుకు బందువెట్టిండో అడుగు.”

అడిగాను. 1963లో ఆయనకు మూడేళ్లు. తెలియదన్నాడు, నాయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదన్నాడు. అవ్వ ఫోన్ నా చేతికిచ్చి, ఆకువక్క డబ్బా మూత తీసింది.